ఎర్ర పాండా చిన్నమ్మ బొటనవేలు

2022. కరోనా భయం తగ్గి, బొమ్మల కొలువు చూడటానికి ఆడవాళ్లు మళ్లీ ఒకరింటికి ఒకరు వెళ్లడం మొదలుపెట్టిన ఏడు. మదురైలో మేలూరు రోడ్డుకు కాస్త లోపలగా, కొలువు బొమ్మలు చేసే మా షెడ్డు ఉంది. మా పెద్దలు తెలుగు నేల వదిలి ఎన్ని తరాలయిందో ఇంట్లో ఎవరికీ తెలియదు. మాట తెలుగు, చదువు తమిళం. నేను ఎనిమిదో తరగతితో ఆపేశాను. తెలుగు అక్షరాలు పెళ్లయ్యాక బ్రాంచి లైబ్రరీలో కూర్చుని నేనే నేర్చుకున్నాను. ఆ సంగతి అడిగినవాళ్లకూ చెబుతాను, అడగనివాళ్లకూ చెబుతాను.

మా పని గురించి రెండు మాటలు చెప్పాలి. మట్టితో మొదట చేసే బొమ్మను మోడల్ అంటాం. దాని మీద ప్లాస్టర్ పోసి తీసే అచ్చు మోల్డ్. మోల్డ్‌లో కాగితం గుజ్జు నొక్కి ఎన్ని బొమ్మలైనా తీయవచ్చు. అచ్చు రెండు సగాలు కలిసిన చోట బొమ్మ ఒంటి మీద ఒక గీత నిలుస్తుంది, దాని పేరు సీమ్. మోడల్‌లో వేలెడంత తప్పు ఉన్నా ఆ అచ్చులో పుట్టే ప్రతి బొమ్మకూ ఆ తప్పు వస్తుంది. అందుకే మోడల్ చేసే చేతికి షెడ్డులో అంత గౌరవం.

ఆ చెయ్యి నాది కాదు, నా తోటికోడలు శాంతది. సీమ్‌లు గీకడం, లేబుళ్లు రాయడం నా వంతు. ఇంటికి పెద్ద కోడలిని, పుస్తకాలు చదివేదాన్ని. అయినా షెడ్డుకు వచ్చినవాళ్లు ముందు అడిగేది, "శాంత లేదా?" అనే. ఆ మాట పన్నెండేళ్లుగా వింటున్నాను. ఒక్కసారి కూడా అది నాకు మామూలుగా వినిపించలేదు.

ఆ ఏడు ఆడి మాసంలో, అంటే జూలై నెలాఖరులో, కోయంబత్తూరు నుంచి రాజేశ్వరి టీచరమ్మ ఫోను చేశారు. కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయిన మనిషి, మా భాషవాళ్లే. తన కొలువులో ఈసారి ఎర్ర పాండా వంశం పెడతానన్నారు. ఇప్పుడు బతికి ఉన్న ఎర్ర పాండా ఒకటి, అంతరించిపోయిన దాని చుట్టాలు నాలుగు, మొత్తం అయిదు బొమ్మలు. కొలతలు, పటాలు పంపారు. నవరాత్రి అయ్యాక ఆ సెట్టును తాను పనిచేసిన కాలేజీకి ఇచ్చేస్తారట.

చదువుతో పని పడిన ఆర్డరు కదా, ఇది నాదే అనుకున్నాను. మరునాడే లైబ్రరీకి పోయి, అట్ట ఊడిన పాత తమిళ విజ్ఞాన సంపుటం తీయించాను. ఎర్ర పాండా హిమాలయాల అడవుల్లో చెట్ల మీద ఉంటుంది. పిల్లి కంటే కాస్త పెద్దది, తినేది ముఖ్యంగా వెదురాకు. మణికట్టు దగ్గర ఒక చిన్న ఎముక పొడుచుకువచ్చి బొటనవేలిలా పనిచేస్తుంది, దానితో వెదురు రెమ్మను పట్టుకుంటుంది. నలుపు తెలుపు రంగుల పెద్ద పాండా ఎలుగుబంటి జాతి. దీనికీ దానికీ పేరు కలిసింది కానీ దగ్గర చుట్టరికం లేదు. ఇవన్నీ నోటుబుక్కులో రాసుకుని, శాంతకు వినపడేలా రెండుసార్లు గట్టిగా చదివాను.

శాంత అప్పుడు సిమోసియాన్ తల చేస్తోంది. నాలుగు చుట్టాల్లో పెద్దది అదే, చిరుతపులికి తమ్ముడిలా ఉంటుంది.

"అక్కా, ఇది పాండాకు అమ్మనా, చిన్నమ్మనా?" అని అడిగింది.

"అమ్మ, అవ్వ, ముత్తవ్వ, అంతా వరసగా వచ్చినవే. లేకుంటే కొలువుకు మెట్లెందుకు?"

"లేదక్కా, దీని పండ్లు చూడు. ఎముకలు కొరికే పండ్లు. ఆకులు తినే పిల్ల దీని కడుపున ఎట్ల పుట్టుతాది?"

"ఎనిమిది చదివినదానికి తెలియంది అయిదు చదివినదానికి తెలిసిపోయిందా?"

"సరి సరి, లైబ్రరీ అమ్మా. నువ్వు చెప్తే సరి," అని నవ్వి మళ్లీ మట్టిలో చెయ్యి పెట్టింది.

రెండు రోజులకు టీచరమ్మ మళ్లీ ఫోను చేశారు, నాకు కాదు, శాంతకు. శాంత పుట్టిల్లు కోయంబత్తూరే. "ఆమా టీచరమ్మా, ఆమా" అని తమిళంలో అవునవునంటూ అరగంట నవ్వింది. నేను ఒకే సీమ్‌ను నాలుగుసార్లు గీకాను. ఫోను పెట్టేసి, "అక్కా, టీచరమ్మ ఈ సిమోసియాన్ చేతికి ఏమి చెప్పినారంటే..." అని మొదలుపెట్టింది.

"మీ ఊరి కథలు నాకెందుకు?" అని లేచిపోయాను.

మరునాటికి సిమోసియాన్ ముందు కాళ్ల మణికట్టు దగ్గర చిన్న బొడిపె లేచింది. దొంగ బొటనవేలు. ఎంత ముద్దుగా ఉందంటే, ఆ వేలు ఇప్పుడే దేన్నో పట్టుకుని వదిలినట్టుంది. శాంత భోజనానికి పోయిన సమయంలో దాని ముందు నిలబడ్డాను. వేలు ఉన్నది వెదురు పట్టుకోవడానికని పుస్తకంలో ఉంది. ఇది మాంసం తినేది. మాంసం తినేదానికి వెదురు వేలు ఎందుకు? కత్తి తీసుకుని రెండు కాళ్ల మీదా ఆ బొడిపెలు గీకేశాను. పుస్తకం ప్రకారం దిద్దుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి నా కత్తి అంత ఆనందంగా ఎప్పుడూ నడవలేదు.

శాంత వచ్చి బొమ్మ మణికట్టు చూసింది. పలక మీద రాలిన మట్టి పొడి చూసింది. నా వైపు చూసింది. బొమ్మ మీద తడిగుడ్డ కప్పింది.

శాంత ఆ వేలు మళ్లీ పెట్టకముందే, ఆ వారమే మోడళ్లు చూడటానికి టీచరమ్మ వచ్చారు. ఆమె సరే అంటేనే మోల్డ్ వేసేది. మాట్టుతావణి బస్టాండులో దిగి ఆటోలో వచ్చిన మనిషికి మజ్జిగ ఇచ్చి, నేను సిద్ధం చేసిన అయిదు మెట్లు చూపించాను. అన్నిటికంటే పాతదైన ఆంఫిక్టిస్ అడుగు మెట్టు మీద, తర్వాత సిమోసియాన్, ప్రిస్టినైలురస్, పారైలురస్, అన్నిటికీ పైన ఎర్ర పాండా. కొలువులో పురుగూ చేపా కింద, మనిషి నడుమ, దేవుళ్లు పైన ఉంటారు కదా, అలాగే పెట్టాను. లేబుళ్లు నా చేతిరాత.

టీచరమ్మ మెట్ల వైపు సరిగా చూడనైనా లేదు. సిమోసియాన్ దగ్గరే ఆగిపోయారు.

"ఏమ్మా శాంతా, బొటనవేలు ఎక్కడ? ఫోనులో అంత చెప్పితినే!"

"పచ్చి మట్టి కదా టీచరమ్మా, రాలిపోయింది. ఇప్పుడే పెట్టేస్తా," అంది శాంత.

"ముఖ్యమైన వేలే నిలవని చేతికి ఆర్డరు ఎట్ల ఇచ్చేది? పిల్లలు చదువుకునే బొమ్మలమ్మా ఇవి. నేను వేరే చోట చూసుకుంటా." ఆమె సంచి భుజానికి తగిలించుకున్నారు.

శాంత చేతిని ఎవరైనా ఒక్కసారి తక్కువ చేసి మాట్లాడితే వినాలని పన్నెండేళ్లు ఎదురుచూశాను. ఆ మాట వచ్చింది. శాంత తల వంచుకుని మట్టి చేతులు చీరకు తుడుచుకుంటోంది. నాకు సంతోషం రాలేదు. నేను చేసిన పనిని ఆమె నెత్తిన వేసుకోవడం చూస్తే ఒళ్లు మండింది. మంచితనంలో కూడా నన్ను మించిపోతోంది!

"రాలలేదు టీచరమ్మా, నేనే గీకేసినా," అన్నాను.

"ఎందుకమ్మా?"

"మాంసం తినేదానికి వెదురు వేలు ఎందుకని... పుస్తకంలో చూసి..." శాంత కళ్లెత్తి నన్ను చూసింది. ఇక మిగతాది కూడా వచ్చేసింది. "అది సగమే. దీని పని చూస్తే నాకు కడుపు మండుతాది. అందుకే."

టీచరమ్మ నన్నూ బొమ్మనూ మార్చి మార్చి చూశారు. శాంత మాత్రం, "తెలుసక్కా. పొడి ఊడ్చి ఉండల్ల నువ్వు," అంది. ముగ్గురిలో ముందు ఎవరు నవ్వామో గుర్తు లేదు.

టీచరమ్మ సంచి దించి కూర్చున్నారు. నేను చదివిన పుస్తకం అచ్చయిన చాలా ఏళ్లకు స్పెయిన్ దేశంలో దొరికిన సిమోసియాన్ ఎముకల్లో ఆ దొంగ వేలు ఉందట. అది మాంసాహారే, వెదురు ఎరగదు. తనకంటే పెద్ద మృగాల నుంచి తప్పించుకోవడానికి చెట్లెక్కేది కాబట్టి, కొమ్మ పట్టుకోవడానికి ఆ వేలు పనికొచ్చి ఉంటుందని పండితుల ఊహ. "మొదట కొమ్మ కోసం వచ్చిన వేలు, చాలా కాలానికి ఎర్ర పాండాకు వెదురు కోసం పనికొచ్చింది. నీ పుస్తకం అబద్ధం చెప్పలేదు. ఇప్పటి పని చెప్పింది. నువ్వు దాన్ని అప్పటికీ అతికించినావు."

తర్వాత మెట్ల వైపు తిరిగారు. "ఇది కూడా తప్పే. సిమోసియాన్ నుంచి ఎర్ర పాండా పుట్టలేదు. ఒకే వంశంలో వేరే కొమ్మ అది. అమెరికాలో బతికిన ప్రిస్టినైలురస్ కూడా అంతే. మెట్లు పెడితే ఒకటి ఇంకొకదాని అమ్మ అయిపోతాది."

"చిన్నమ్మ," అన్నాను. "శాంత ముందే అడిగింది, అమ్మనా చిన్నమ్మనా అని. నేనే నోరు మూయించినా."

"అడిగిందా?" టీచరమ్మ శాంతను చూసిన ఆ చూపు నాకు ఇంకా గుర్తుంది. అలాంటి చూపు కోసమే నేను లైబ్రరీకి తిరిగింది.

ఆర్డరు నిలిచింది. మెట్లు తీసేశాం. శాంత ఎండిన వేపకొమ్మను పీట మీద నిలబెట్టింది. నాలుగు చుట్టాలను నాలుగు వేర్వేరు రెమ్మల మీద కూర్చోబెట్టి, ఆ రెమ్మల చివరలు విరిచేశాం. ఎర్ర పాండా ఉన్న ఒక్క రెమ్మకే పచ్చ రంగు ఆకులు కట్టాం. ఆ వంశంలో ఇప్పటికి మిగిలింది అదొక్కటే కదా. లేబుళ్లు మళ్లీ రాశాను, ఈసారి టీచరమ్మ పంపిన కాగితాలు చదివి.

పుస్తకం తెరిచే ముందు అది ఏ ఏటి పుస్తకమో చూడటం అప్పటినుంచి అలవాటయింది. ఒక అవయవం ఇప్పుడు చేసే పనిని చూసి, అది పుట్టిందే అందుకని అనుకోకూడదనీ నేర్చుకున్నాను. శాంత మీద అసూయ పోయిందని మాత్రం రాయలేను. కొత్త మోడల్ మీద నుంచి ఆమె తడిగుడ్డ తీసినప్పుడల్లా అది లోపల కదులుతూనే ఉంది.

ఆ సెట్టు మోల్డ్‌లు ఇంకా మా దగ్గరే ఉన్నాయి. అడిగిన బడులకు తీసి ఇస్తుంటాం. సీమ్ గీకేది ఇప్పటికీ నేనే. ఆ గీత సిమోసియాన్ వీపు మీదుగా, భుజం మీదుగా, ముంగాలి పక్కగా దిగుతుంది. మణికట్టు మీది ఆ వేలి దగ్గరికి వచ్చేసరికి కత్తి కింద పెట్టి, గీతను చెరపడానికి తడిగుడ్డ చేతిలోకి తీసుకుంటాను.