ఎత్తని చేయి

ఆమె ఇనుప గుండు విసిరే క్రీడాకారిణి. మనిషి తలుపంత, గొంతు బొంగురు. విసిరిన గుండును చంటిపిల్ల మొహం తుడిచినట్టు తుడుచుకునేది. పుట్టుకతో ఆడవాళ్లయినవాళ్లే ఆడవాళ్ల గదుల్లోకి వెళ్లాలని చట్టం వచ్చాక, తనూ పుట్టుకతో ఆడదే అయినా, మైదానంలో బట్టలు మార్చుకునే గది ముందు ఆగి, "ఆడపిల్లనేనమ్మా, వస్తున్నా" అని కేకేసి మరీ అడుగుపెట్టేది. ఆ రోజు ఆ గొంతుకే లోపలెవరో "మగాడు!" అని అరిచారు. ఇద్దరు మగవాళ్లు పరుగెత్తుకొచ్చి, జుట్టు పట్టి ఈడ్చి, కడుపులో తన్ని, తల గోడకేసి బాదారు. పెదవి చిట్లింది, పన్ను ఊడింది. ఆమె మాత్రం తన కుడిచేతిని ఎడమచేత్తో గట్టిగా అదిమి పట్టుకునే ఉంది.

నెత్తురు తుడుస్తూ చెల్లెలు ఏడ్చింది. "నువ్వొక్కటిస్తే మళ్లీ లేచేవాళ్లా? ఎందుకూరుకున్నావక్కా?"

"ఒక్కటిచ్చుంటే, చూశారా మగదెబ్బ అనేవాళ్లే."