బి సైడు నాలుగో పాట

నా పేరు మీద వచ్చిన క్యాసెట్ ఒక్కటే. అందులో ఎనిమిది పాటలు. ఏడింటి గురించి ఎవరైనా అడిగితే, ఆ మాటకొస్తే అడక్కపోయినా, మొత్తం చెప్పి గానీ వదలను. ఎనిమిదో పాట మాటెత్తితే మాత్రం మంచినీళ్ల వంక పెట్టి లేచి వెళ్లిపోయేవాణ్ణి. అది నేను కట్టిన పాట కాదు. మా అత్త ఏడుపు.

మాది మొగల్తూరు దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే పేట. అందరం చేపల వేట మీద బతికినవాళ్లమే. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాన్న వేరే రేవులకు వేటకు పోయి నెలల తరబడి వచ్చేవాడు కాదు. నన్ను పెంచింది మా మేనత్త, మావయ్య. నాకు పదేళ్లున్నప్పుడు తుపానుకు ముందు రోజు వేటకెళ్లిన మావయ్య తిరిగి రాలేదు. పడవ చెక్కలు కొట్టుకొచ్చాయి, మనిషి రాలేదు. అత్త మూడు రోజులు ఇసుకలో కూర్చుని, సముద్రం వైపు చూస్తూ శోకం పెట్టింది. పోయినవాళ్లను తలుచుకుని ఆడవాళ్లు రాగం తీసి ఏడవడాన్ని మేము శోకం అంటాం.

మా వైపు ఆడవాళ్లు భర్త పేరు నోటితో అనరు. ఓటర్ల జాబితా రాసుకునేవాళ్లు అడిగినా అత్త నన్ను ముందుకు తోసి నాచేత చెప్పించేది. మావయ్య గడపలోకి వస్తుంటే పమిట సర్దుకుని నిలబడేది. అలాంటి మనిషి ఆ మూడు రోజులూ ఆయన్ని పేరు పెట్టి పిలిచింది. ప్రతి చరణం చివరా ఆ పేరు మూడక్షరాలే. నాలుగో రోజు ఆపేసింది. ఆ తరువాత మా ఇంట్లో ఆ పేరు ఎవరి నోటా వినలేదు.

శోకం చావులేని ఇంట్లో ఎత్తకూడదు. పిల్లలం తెలియక కూనిరాగం తీసినా వీపు పగిలేది. ఒకసారి నాకూ పగిలింది, అదీ అత్త చేతిలోనే. అంత తెలిసీ చేశాను చూడండి, అందుకే నా మీద నాకు ఒళ్లుమంట.

నరసాపురంలో కాలేజీకి వెళ్లే రోజుల్లో గిటారు పట్టుకున్నాను. సినిమా పాటలు వాయించమంటే వాయించేవాణ్ణి కాదు, అంత పొగరు. సొంతంగా కట్టుకున్నవి ఏడు పాటలయ్యాక రాజమండ్రిలో ఒక మేడ మీది స్టూడియోకి వెళ్లాను. గోడలకు కొబ్బరిపీచు చాపలు దిగ్గొట్టిన గది. అక్కడ భక్తి పాటలు, ఎన్నికల పాటలు రికార్డు చేసేవారు. అక్కడి రికార్డిస్టు తిట్టినా 'అండి' పెట్టే తిట్టేవాడు. "మీ పాటలు ఎవరు వింటారండి బాబూ" అని మొదటి రోజే అనేశాడు. మైకులో మోత వస్తుందని ఫ్యాన్ ఆపేవాడు. చెమటకు వేళ్లు తీగల మీద జారేవి. పాట మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటినుంచి. వాద్యాలూ గొంతూ కలిసి ఒకేసారి రికార్డవ్వాలి, ఎవరు తప్పినా అందరిదీ తప్పే.

ఏడు పాటలు అయ్యాక బి సైడులో ఇంకో పాటకు చోటు మిగిలింది. నా దగ్గర పాట లేదు. తబలా వాయించే ఆయన టీకి కిందికి దిగాడు. నేను ఒక్కణ్ణీ మైకు ముందు కూర్చుని ఏదో ఆలోచిస్తూ, నాకు తెలియకుండానే సన్నగా రాగం తీశాను. అద్దం అవతల రికార్డిస్టు తల పైకెత్తాడు. హెడ్‌ఫోన్లు తీసి లోపలికి వచ్చి, అదెక్కడిదండి అని అడిగాడు. అప్పుడు గానీ నాకు తెలియలేదు. నేను తీసింది శోకం.

"నాదేనండి" అన్నాను.

అబద్ధం అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. మీరు కట్టిన పాట ఇదొక్కటేనండి, మిగతావన్నీ సాధన అన్నాడాయన. పొగడ్తకు ఎవడు లొంగడు? ఆ మధ్యాహ్నమే కూర్చుని అదే రాగానికి వెన్నెల మీద ప్రేమ మాటలు రాశాను. మావయ్య పేరు పడే చోట మూడక్షరాలు కావాలి. "వెన్నెలా" అని పెట్టాను. సరిగ్గా అతికింది. అతికినందుకు సంబరపడ్డాను కూడా. మొదటి టేకులోనే పాట ఓకే అయిపోయింది, ఆ రోజు కరెంటు కూడా పోలేదు.

ఆ పాటను ఎ సైడు మొదట్లో పెడతానని రికార్డిస్టు పట్టుబట్టాడు. బి సైడు చివర తప్ప ఎక్కడా వద్దని నేను భీష్మించాను. క్యాసెట్ అంతదాకా వినేవాడు ఎవడుంటాడు? మా పేటలో అసలే ఉండడు. అత్త చెవిన పడదు. అదీ నా లెక్క. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

క్యాసెట్ వచ్చింది. షాపుల్లో సినిమా క్యాసెట్ల వెనకాల ఎక్కడో ఇరుక్కుంది. స్థానిక పత్రికలో నాలుగు లైన్లు రాశారు. అందులో మూడు లైన్లు ఆ చివరి పాట గురించే. దాన్ని చదివి నాకు సంతోషం కంటే భయమే ఎక్కువైంది. నిజానికి మా ప్రాంతంలో పాట బతకాలన్నా చావాలన్నా పేపర్లతో పని లేదు, మైక్ సెట్ వాడు వేయాలి. మా పేటలో మైక్ సెట్ నడిపేవాడు నాతో చదువుకున్నవాడే. మనూరి క్యాసెట్ అంటూ ఎగిరి గంతేశాడు. బి సైడు టేపు బాగాలేదు, ఎ సైడు మాత్రమే వెయ్యమని మరీ మరీ చెప్పాను. సరేలే అన్నాడు.

కొన్నాళ్లకు మా పక్కింటివాళ్లు కొత్త డాబాకి గృహప్రవేశం పెట్టుకున్నారు. నేను వెళ్లేసరికి మైకులో నా పాటే. సిగ్గు, గర్వం రెండూ. అత్త వంటల దగ్గర తరువాతి బంతి దప్పళంలోకి గుమ్మడికాయ తరుగుతూ, వచ్చేపోయేవాళ్లందరికీ మా అబ్బాయి పాటేనని చెబుతోంది. ఆమె మొహం అంత వెలిగిపోవడం మావయ్య పోయాక చూడలేదు. ఇంటాయన నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి మొదటి బంతిలో కూర్చోబెట్టాడు. విస్తరిలో బూరెలు పడ్డాయి. ఎ సైడు అయిపోయింది.

టక్ మని చప్పుడు. మైక్ సెట్ వాడు క్యాసెట్ తిప్పి పెడుతున్నాడు. నా వైపు చూసి చెయ్యి ఊపాడు, టేపు బాగానే ఉందిరా అన్నట్టు.

లేవబోయాను. పక్కనున్న పెద్దాయన నా మోకాలు మీద చెయ్యి వేసి నొక్కాడు. "బంతిలోంచి లేవకూడదు బాబూ. శుభమా అని ఇల్లు చేరుతున్నారు" అన్నాడు. ఆయనన్నది నిజమే. అందరి భోజనాలూ అయ్యేదాకా ఒక్కడు లేస్తే మిగతావాళ్లని అవమానించినట్టే, అందులోనూ కొత్తింట్లో. కేక వేద్దామా అంటే ఏమని వేస్తాను? మా అత్త శోకం వస్తోంది ఆపండి అనా? కూర్చున్నాను.

పులిహోర వడ్డిస్తుండగా ఒకటో పాట. పప్పు, నెయ్యి వచ్చేసరికి రెండోది. దప్పళం దగ్గర మూడోది మొదలైంది. కరెంటు పోవాలని మొక్కుకున్నాను. స్టూడియోలో అన్నిసార్లు పోయిన కరెంటు ఆ రోజు చచ్చినా పోలేదు. వడ్డనకు మనుషులు చాలక వంటల దగ్గరి ఆడవాళ్లని పిలిచారు. అత్త పెరుగు బకెట్టు పట్టుకుని బంతి అవతలి చివర మొదలుపెట్టింది. మూడో పాట అయిపోయింది.

నాలుగో పాట మాటలతో మొదలవదు. ముందు ఊరికే రాగం, అత్త ఆ ఇసుకలో మొదలుపెట్టినట్టే. నేనా రాగాన్ని ఇసుమంత కూడా మార్చలేదు.

అత్త గరిటె గాల్లోనే ఆగిపోయింది. పెరుగు చుక్కలు నేల మీద పడుతున్నాయి. వంటల దగ్గర ముసలమ్మలు మాటలు ఆపేశారు. ఒకావిడ నోటికి పమిట అడ్డం పెట్టుకుంది. మగవాళ్లకు ఏమీ తెలియలేదు, తింటున్నారు. చరణం చివరికొచ్చింది. నేను అత్త మొహం చూడలేక ఆమె పెదాలు చూశాను. అవి కదిలాయి. మైకులోంచి "వెన్నెలా" అని నా గొంతు వచ్చింది. ఆ పెదాలు మూసుకుపోయాయి.

తరువాత ఆమె బంతి పొడుగునా పెరుగు వడ్డించుకుంటూ వచ్చింది. నా విస్తరిలో వేసింది. నా వైపు చూడలేదు. ముందుకు వెళ్లిపోయింది.

చేతులు కడుక్కుని ఇంటికి పరిగెత్తాను. అత్త లేదు. పేటంతా వెతికి ఒడ్డుకు వెళ్తే అక్కడ ఉంది, ఆ ఇసుకలోనే, నీళ్ల వైపు మొహం పెట్టుకుని. వెళ్లి ఆమె వెనక నిలబడ్డాను. ఆమె నన్ను కొడితే బాగుండనిపించింది. ఇంట్లోంచి పొమ్మంటే నాకు ఈ లోకంలో వేరే ఇల్లు లేదు.

"తప్పయిపోయిందత్తా. ఆ పాట తీయించేస్తాను."

"పాటెందుకురా తియ్యడం?" అంది ఇటు తిరగకుండానే. "ఆయన పేరెందుకు తీసేశావు?"

నేను ఏదేదో చెప్పాను. అందరికీ తెలిసిపోతుందని, అశుభమని, నువ్వు బాధపడతావని. చెబుతున్నకొద్దీ అదంతా నా భయమేనని నాకే తెలిసిపోతోంది.

"ఆ మూడ్రోజులేరా నేను పిలిచింది. ముందూ లేదు, తర్వాతా లేదు" అంది. "ఇయ్యాల మైకులో రాగం రాగానే, ఇదిగో, ఇప్పుడొస్తంది ఆ పేరు అని నిలబడ్డాను. నువ్వు వెన్నెలన్నావు."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. పన్నెండేళ్లుగా ఆ మనిషిని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. పిలవడానికి నాకు అవకాశం వస్తే నా పాట బాగుండాలని ఆయన్ని తీసి పక్కన పెట్టాను.

"నేననకూడదు" అంది అత్త. "నువ్వను."

గిటారు లేదు, తబలా లేదు. ఆమె పక్కన కూర్చుని ఎత్తుకున్నాను. రాగం రెండుసార్లు తెగింది. చరణం చివర, ఉండాల్సిన చోట, మావయ్య పేరు అన్నాను. అత్త పమిట సర్దుకుంది. ఆయన గడపలోకి వచ్చేటప్పుడు సర్దుకున్నట్టే.

"కాస్త గట్టిగా అనరా" అంది. "ఈ హోరులో ఆయనకి వినపడద్దూ?"