నిచ్చెన కండువాలు

ఎమ్మెల్యే ఎన్నికల్లో ఓడిపోయిన రోజు నేను కడుపునిండా అన్నం తిన్నాను. నామినేషన్ వేసిన నాటి నుంచీ నాకు ముద్ద గొంతు దిగలేదు. గెలుస్తానేమోనని భయం కాదు, అంత పిచ్చి నాకు లేదు. నా భయం వేరే. నన్ను పట్టుబట్టి నిలబెట్టిన మా వీధివాళ్ళే చివరికి నాకు ఓటు వేయకపోతే, ఈ ఎమ్మిగనూరులో తల ఎత్తుకుని తిరిగేది ఎట్లా అని.

మాది చేనేత వీధి. ఇంటింటికీ గుంట మగ్గం ఉంది. గుంటలో కాళ్ళు పెట్టుకుని గట్టు మీద కూర్చుని నేస్తాం. గట్టిగా వాన పడిందంటే వీధిలో నీళ్ళు పోవడానికి కాలువ లేక అన్నీ మా గుంటల్లోకే వస్తాయి. ఆడవాళ్ళు బకెట్లతో తోడి బయట పోస్తారు. తడి ఆరేదాకా మగ్గం ఆడదు, మగ్గం ఆడకపోతే ఇల్లు ఆడదు. ఎన్నికలొచ్చినప్పుడల్లా ఎవరో ఒకాయన వచ్చి, గుంటలోకి తొంగిచూసి, అయ్యో అనేసి పోతాడు. మొన్నటి ఎన్నికలకు ముందు అట్లాగే ఒకాయన వచ్చాడు. నాకు నోరెక్కువ. అయ్యో అనడానికి మాకు చుట్టాలు చాలామంది ఉన్నారు, మీరు కాలువ తవ్వించండి అన్నాను. ఆయన నవ్వి, ఇంత తెలిసినవాడివి నువ్వే నిలబడరాదా అన్నాడు.

ఆయన మాటవరసకు అన్నాడు. మా వీధి దాన్ని మాటవరసకు తీసుకోలేదు. సాయంత్రానికి టీ అంగడి దగ్గర అదే చర్చ. మా వీధి పెద్దాయన, మా నాన్న ఈడువాడు, నా భుజం మీద చెయ్యి వేసి, "నోరు పెట్టినోనివి నువ్వు, నిలబడాల్సింది గూడా నువ్వే నాయనా" అన్నాడు. అందరూ అవునన్నారు. పొగడ్తకు పడనివాడెవడు? నేను సరేనన్నాను.

ఇంట్లో మాత్రం సరే అనలేదు. నా భార్య మా మేనత్త కూతురే. చిన్నప్పటి నుంచీ నా వాలకం ఎరిగిన మనిషి. కండెలు చుడుతున్నదల్లా రాట్నం ఆపి, "నువ్వు ఎమ్మెల్యే అయితే మగ్గంలో ఎవురు కూకుంటారు బావా? నా ఓటు మాత్రం నీకు లేదు. ముందే సెప్తాండా" అంది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని విసుక్కున్నాను. ఆమె మళ్ళీ రాట్నం తిప్పుకుంది. ఆమె అన్నదంటే అన్నదే, తిరుగులేదు. కట్టుకున్నదే వేయనంటే వీధి వేస్తుందా అని ఆ రోజు మొదలైంది నాకు దిగులు.

అసలు తప్పు కండువాల దగ్గర జరిగింది. స్వతంత్రులకు గుర్తులు నామినేషన్ల ఉపసంహరణ అయిపోయాక గానీ ఇవ్వరు. మేం కోరుకున్నది నిచ్చెన. గుంటలో ఉన్నవాడు పైకి రావాలంటే నిచ్చెన కావాలి కదా అని పెద్దాయన అన్నాడు గానీ, అసలు సంగతి ఏమంటే నిచ్చెన నేయడం సులువు. నిలువుగా రెండు గీతలు, అడ్డంగా పట్టీలు, అంతే. వేరే వాళ్ళయితే గుర్తు వచ్చేదాకా ఆగి ప్రెస్సుకు పోతారు. మా చేతుల్లో మగ్గం ఉండె, మాకు ఆగే బుద్ధి యాడిది? నామినేషన్ వేసిన మర్నాడే వీధి వీధంతా పడుగులు ఎక్కించి, అంచు నిండా నిచ్చెనలతో కండువాలు నేయడం మొదలుపెట్టింది. నా భార్య అటు పోతూ, ఆలు లేదు సూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని అందరికీ వినబడేటట్టే అంది. మేం వినబడనట్టు ఉన్నాం.

గుర్తులిచ్చే రోజు ఆఫీసుకు పోతే నిచ్చెన కావాలని ఇంకొకాయన కూడా అడిగి ఉన్నాడు. ఆదోనిలో పత్తి వ్యాపారి. ఎవరి మీదనో కోపంతో మా నియోజకవర్గంలోకొచ్చి నిలబడ్డాడు. చీటీలు తీశారు. నిచ్చెన ఆయనకు పోయింది. నాకు బకెట్ వచ్చింది.

వీధిలోకి వచ్చి చెప్పేసరికి మగ్గాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఆడవాళ్ళేమో, వానాకాలం మన చేతిలో ఉండేది అదే కదా అని నవ్వారు. మగవాళ్ళు నవ్వలేదు. ఇక నుంచి బకెట్ నేద్దామని ఎవరో అన్నారు. బకెట్‌కు పిడి వంగాలి, మా సాదా మగ్గాలకు వంపులు ఎక్కడివి? పోనీ ఉత్త అంచు నేయండిరా అంటే అదీ కుదరదు. పడుగు ఏ రకంతో మొదలుపెడితే ఆ రకంతోనే దించాలి, మధ్యలో రకం మార్చితే ఇంటికి అరిష్టమని మా వాళ్ళ పట్టింపు. ఇంట్లో చావు జరిగినా, మైల తీరాక వచ్చి ఆ పడుగు అట్లాగే ముగిస్తారు. అందుకని గుర్తు పోయిందని తెలిసి తెలిసీ పడుగులు అయిపోయేదాకా నిచ్చెనలే నేశారు. నేసిన గుడ్డ పారేయడమన్నది మా వంశంలో లేదు గనక వాటినే కప్పుకున్నారు. ముందు ఆటోలో మైకు బకెట్, బకెట్ అని అరుస్తుంటే, వెనక నడిచేవాళ్ళ భుజాల మీదంతా నిచ్చెనలే. నా భుజం మీద కూడా.

ఒక రోజు ఆ ఆదోని ఆయన జీపులో మా వీధికి వచ్చాడు. ఎటు చూసినా తన గుర్తే. జీపు దిగి, మా పెద్దాయన రెండు చేతులూ పట్టుకున్నాడు పాపం, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి ఆయనకు. కన్నవాళ్ళు కూడా నా మీద ఇంత నమ్మకం పెట్టలేదన్నాడు. పెద్దాయన మొహమాటస్తుడు, నిజం చెప్పలేక టీ తాగించి పంపించాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరిని తిట్టాలో తెలియక ఇంటికొచ్చి అన్నం గిన్నె విసిరికొట్టాను.

పోలింగ్ అయింది. లెక్కింపు రోజు కర్నూలుకు పోయాను. రౌండ్ మీద రౌండ్ పోతున్నా నా పేరు ఎవరి నోటా రాలేదు. దాని గురించి నాకు చింత లేదు. నేను కాచుకున్నది మా వీధి బూత్ కోసం. అది రానే వచ్చింది. బకెట్‌కు పడ్డవి రెండే రెండు.

నేను భయపడిందే అయింది. అంతలో నిచ్చెన లెక్క చదివారు. ఆదోని ఆయన ఏజెంటు తన చెవులను తానే నమ్మలేక మళ్ళీ చదవమన్నాడు. మళ్ళీ అదే చదివారు. మా వీధి వీధంతా నిచ్చెన మీద పడింది! అప్పుడు నాకు అర్థమైంది. బతుకుజీవుడా అనుకున్నాను. ఎంత నవ్వొచ్చిందంటే, పక్కన నిలబడిన పోలీసాయన ఓడిపోయిన బాధలో మతి పోయిందనుకుని నాకు నీళ్ళ సీసా ఇచ్చాడు. అవి నా ఓట్లే కదా. దారి తప్పి ఇంకొకరి ఇంటికి పోయినా అవి నా మనుషుల ఓట్లే. మా ఊరి మీదుగా మంత్రాలయం పోయే బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఎన్నో రోజుల తర్వాత ఆకలి అనిపించింది.

ఎమ్మిగనూరులో దిగేసరికి పెద్దాయన బస్టాండుకే వచ్చి ఉన్నాడు. తల ఎత్తలేదు. "నెల దినాలుగా అదే సూసిన కండ్లు నాయనా. యేలు దాని మీదికే పోయింది" అన్నాడు. నేను ఆయన్ని పట్టుకుని, ఏం కాలేదు పెద్దాయనా, నేను బతికిపోయినా అన్నాను. నిజంగానే అన్నాను. అసెంబ్లీలో కూర్చుని నేనేం చేద్దును? నోరు నొప్పెట్టేది తప్ప.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చున్నాను. నా భార్య జొన్న సంగటి పెట్టి, పైన పప్పు పోసి, అన్నం గిన్నె పక్కన పెట్టుకుని ఎదురుగా కూర్చుంది. గబగబా తిన్నాను. సగం ఆకలి తీరాక ఆ రెండు ఓట్ల మాట చెప్పాను. ఒకటి నాదే, ఇంకొకటి ఎవరిదో ఎంత ఆలోచించినా తెలియడం లేదన్నాను.

"నాదే" అంది.

ముద్ద చేతిలోనే ఆగిపోయింది. "వేయనంటివి కదా?"

"ఏయగూడదనే పోయినా." గిన్నెలో గరిటె తిప్పుతూ నెమ్మదిగా చెప్పింది. "నాకు సదువు రాదు, ఆ బొమ్మలేందో నేను సూల్లేదు. మిసను మీద అందరి మొగాలూ వరసగా ఉండాయి. అండ్ల నీ మొగం ఉండాది. నీ మొగం కనబడినాక ఇంగొకరి మీద యేలు యాడ పెట్టేది బావా?"

నోరెక్కువ అని పేరున్నవాణ్ణి, ఆగిపోయిన ముద్దను ఆ నోట్లోనే పెట్టుకున్నాను. ఆమె నా మొహం చూడకుండానే కంచంలో ఇంకొంచెం అన్నం వడ్డించింది. అదీ తిన్నాను.