నేను చెయ్యి లేపితేనే దిగేవాడు

దయ్యాలు ఉన్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. ఇలాంటి అనుభవాలు రాసేవారంతా ఈ మాటతోనే మొదలుపెడతారని నాకు తెలుసు. అయితే నా అపనమ్మకానికి వృత్తి కారణం. మస్కట్‌లో ముప్పై ఒక్క ఏళ్లుగా సర్వేయర్‌గా పనిచేస్తున్నాను. ఒక బిందువు ఫలానా చోట ఉందని చెప్పాలంటే కనీసం రెండు వైపుల నుంచి కొలవాలి. ఒక్కసారి కొలిచినదాన్ని నేను కొలతగా అంగీకరించను. జీవితంలో ఒకే ఒక్కసారి ఈ నియమం తప్పాను. దాని ఫలితమే కింద రాస్తున్నది.

నా వయసు అరవై మూడు. కొన్నేళ్ల క్రితం మస్కట్‌లోని అల్ ఖువైర్ ఆఫీసులో ఒక మధ్యాహ్న విరామంలో, మంచు కొండ వాలు మీద స్నోబోర్డు తొక్కుతున్నవాడి ఫోటో కంప్యూటర్‌లో చూశాను. బోర్డును పూర్తిగా ఒక అంచు మీదికి వాల్చి, దాదాపు మంచును తాకేటంత వంగి మలుపు తిరుగుతున్నాడు. బోర్డు పక్కకు జారితే వెడల్పాటి మరక పడుతుంది. అంచు మీదే నడిస్తే కత్తితో కోసినట్టు సన్నని గీత పడుతుంది. ఆ గీత నన్ను ఆకట్టుకుంది. అటువంటి ఫోటో ఒక్కటైనా తీయాలని కెమెరా కొన్నాను.

ఒమన్‌లో మంచు వాలు లేదు, ఇసుక వాలు ఉంది. మస్కట్ నుంచి రెండున్నర గంటలు వెళ్తే బిదియా దాటాక ఇసుక దిబ్బలు మొదలవుతాయి. చలికాలం శుక్రవారాల్లో తెల్లవారకముందే బయలుదేరేవాడిని. నేను ఎంచుకున్న వాలు ఎత్తు అరవై రెండు మీటర్లు. దానికి ఎదురుగా ఉన్న చిన్న దిబ్బ మీద ట్రైపాడ్ నిలిపేవాడిని. ఫోటోలో ఎత్తులు తెలియడానికి వాలు అడుగున ఎరుపు తెలుపు పట్టీల సర్వే కర్ర ఒకటి పాతేవాడిని. ఇసుక పైన అది సరిగ్గా ఒక మీటరు కనిపించాలి.

గంగాధర్ నాకు అక్కడే పరిచయమయ్యాడు. జగిత్యాల దగ్గరి మనిషి, ముప్పై రెండేళ్లు, కాంక్రీటు పోయడానికి చెక్క అచ్చులు కట్టే షట్టరింగ్ కార్పెంటర్. సైట్, రూమ్ రెండూ బిదియా దగ్గరే. సెంట్రింగ్ ప్లైవుడ్‌ను పొరలుగా అతికించి, వంచి, అడుగున కొవ్వొత్తి మైనం రుద్ది తన బోర్డు తానే చేసుకున్నాడు. దాని తోక మూల ఒకచోట విరిగింది. అందువల్ల అతను మలుపు తిరిగితే ఇసుకలో ఒక గీత కాదు, రెండు పడేవి. ఒకటి లావు, పక్కనే ఒకటి సన్నం. ఎన్ని బోర్డులు దిగిన వాలు మీదైనా అతని జాడ నాకు ఇట్టే తెలిసిపోయేది.

"ఇసుక మీద సంతకం పెట్టిన సార్, సూడుండ్రి" అనేవాడు.

మా మధ్య ఒక ఏర్పాటు ఉండేది. నేను కెమెరా సిద్ధం చేసుకుని కుడిచెయ్యి పైకి లేపితేనే అతను శిఖరం నుంచి దిగాలి. "మీరు చెయ్యి లేపేదాంక నేను దిగ పెద్దసార్. ఉత్తగ దిగితే ఏం ఫాయిద? ఫోటోల పడాలె గద! మా అమ్మకు పంపితే, సైట్ల పని జేస్తున్నవా, జారుడుబండ ఆడుతున్నవా అన్నది" అని ఒకసారి నవ్వాడు.

ఆ వాలు దగ్గర అందరూ పాటించే మరో నియమం కూడా ఉంది. ఉదయం తొమ్మిది వరకు వాలు బోర్డులది. తొమ్మిది దాటాక దిబ్బల మీదికి సందర్శకులను తిప్పే పెద్ద బండ్లది. శిఖరం అవతలి నుంచి వచ్చే బండికి ఇవతల ఎవరున్నదీ కనిపించదు. అందుకే ఆ నియమం.

గత ఏడాది జనవరి రెండో శుక్రవారం నాకు ఒంట్లో జ్వరం ఉంది. కాకినాడలో మేనకోడలి పెళ్లి చూసుకుని నాలుగు రోజుల క్రితమే తిరిగి వచ్చాను. ఆ రోజు వాలు దగ్గర మేమిద్దరమే ఉన్నాం. కొన్ని ఫోటోలు తీసి, కూర్చోలేక, అతనికి చెప్పి బయలుదేరాను. మస్కట్ చేరి మాత్ర వేసుకుని పడుకున్నాను. ఎన్నింటికి ఎక్కడున్నానో రోజూ డైరీలో రాసుకునే నేను ఆ ఒక్క రోజు రాయలేదు. సాయంత్రం ఫోన్ వచ్చింది. గంగాధర్ చనిపోయాడు.

అతన్ని గుద్దిన బండి మోహనరావుది. మస్కట్‌లోనే ఉద్యోగం చేస్తూ, శుక్రవారాల్లో సొంత బండిలో సందర్శకులను దిబ్బలకు తీసుకువచ్చే మా గోదావరి వైపు మనిషి. ఆ ఉదయం దారి చూసుకోవడానికి ఒంటరిగా వచ్చానని, తొమ్మిది దాటిన తర్వాతే శిఖరం ఎక్కానని, గంగాధర్ అడ్డంగా వచ్చాడని, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్తుంటే దారిలో ప్రాణం పోయిందని చెప్పాడు.

ఫిబ్రవరి చివరలో విచారణ చేస్తున్నవారు నన్ను ఒకే ప్రశ్న అడిగారు. అతన్ని మీరు చివరిసారి ఎన్ని గంటలకు చూశారు? నేను జ్ఞాపకాన్ని ఆశ్రయించే మనిషిని కాను. కెమెరాలో చివరి ఫ్రేము తెరిచాను. గంగాధర్ మలుపులో వంగి ఉన్నాడు. కెమెరా నమోదు చేసిన సమయం 9:12. అదే రాసి సంతకం పెట్టాను. తొమ్మిది తర్వాత కూడా వాలు మీద ఉన్నాడు కాబట్టి తప్పు చనిపోయినవాడిదేనని కాగితం తయారైంది.

గంగాధర్ అన్న మల్లేశ్ ఒమన్ దక్షిణాన ఉన్న సలాలాలో పనిచేస్తాడు. వారం తర్వాత ఫోన్ చేశాడు.

"మా తమ్ముడు ఎనిమిదిన్నరకే బోర్డు సర్దేటోడు సార్. మీ కాయితమే వాన్ని తప్పుడోన్ని జేసింది. ఆ కాయితం మా అమ్మకు ఎట్ల సదివి వినిపియ్యాలె?"

"రికార్డు అదే చెబుతోంది మల్లేశ్. నేనేం చేయగలను?"

"రికార్డు సచ్చిపోలే గద సార్. సచ్చింది మా తమ్ముడు."

నా దగ్గర అంకె ఉంది, అతని దగ్గర మాట ఉంది. ఆనాడు నాకు ఆ తేడా చాలనిపించింది.

ఎండాకాలంలో కెమెరాను శుభ్రం చేయించడానికి దుకాణంలో ఇచ్చాను. నవంబరు చివరి శుక్రవారం మళ్లీ వాలు దగ్గరికి వెళ్లాను. కేరళ వాళ్లిద్దరు బోర్డులు తెచ్చారు. ఎన్నిసార్లు షట్టర్ నొక్కానో నోటుబుక్కులో గీతలు పెట్టుకోవడం నా అలవాటు. ఆ రోజు నలభై ఆరు. ఇంటికి వచ్చి చూస్తే కార్డులో నలభై ఏడు ఫ్రేములున్నాయి.

అదనపు ఫ్రేము 7:41కి తీసినదానికీ 7:43కి తీసినదానికీ మధ్య ఉంది. దాని మీద సమయం 9:12. ఫోటోలో మనిషి లేడు. ఖాళీ వాలు. శిఖరం నుంచి మూడో వంతు వరకు అప్పుడే కోసినట్టు జంట గీత. లావుది ఒకటి, సన్నది ఒకటి. ముందు ఫ్రేములో గాని, తర్వాతి ఫ్రేములో గాని వాలు మీద ఆ గీత లేదు.

కార్డు పాడైందనుకున్నాను. కొత్తది వేశాను.

డిసెంబరు రెండో శుక్రవారం మళ్లీ 7:41కీ 7:43కీ మధ్య 9:12. ఈసారి జంట గీత వాలు సగం దాటి, మూడు చక్కటి మలుపులు తిరిగి, నేరుగా నా వైపుకు మళ్లింది. మొదటి గీత చూసినప్పుడు, అది మోహనరావు బండి నిలిపే చోటు వైపు వెళ్తుందేమోనని నాలో ఏదో మూల ఆశ ఉండేది. దాన్ని దాచి ప్రయోజనం లేదు. గీత అటు వెళ్లలేదు.

జనవరి మొదటి శుక్రవారం నా చేతిగడియారం చూస్తూ నిలబడ్డాను. 7:42కి శిఖరం మీద ఎవరూ లేరు. పాత అలవాటు కొద్దీ నా కుడిచెయ్యి పైకి లేచి ఉందని అప్పుడు గమనించాను. వెనకటి రెండుసార్లు కూడా లేపి ఉంటాను. ఆ రోజు అదనపు ఫ్రేములో వాలు కనిపించలేదు. ఫోటో అడుగు అంచు నుంచి పైదాకా మసకగా రెండు గీతలు మాత్రమే ఉన్నాయి. కెమెరా నమోదు చేసిన దూరం, అంటే ఎదుట ఉన్నదానికీ కెమెరాకూ మధ్య దూరం, నాలుగు మీటర్లు. నవంబరు అదనపు ఫ్రేములో అది నూట ఎనభై, డిసెంబరుదానిలో తొంభై.

ఆ మధ్యాహ్నం, అంతవరకు చేయవలసి ఉండీ చేయని పని చేశాను. గంగాధర్ చివరి ఫోటోను రెండో వైపు నుంచి కొలిచాను. ఫోటోలో నా సర్వే కర్ర ఉంది. ఇసుక పైన ఒక మీటరు. చదునైన నేల మీద దాని నీడ అయిదు మీటర్ల పైచిలుకు. జనవరిలో ఆ చోట తొమ్మిదీ పన్నెండుకు ఒక మీటరు కర్ర నీడ రెండు మీటర్లు కూడా ఉండదు. అయిదు మీటర్లుండాలంటే సూర్యుడు ఉదయించి గంట కూడా కాకూడదు. లెక్క వేస్తే ఏడూ నలభై ప్రాంతం.

తొమ్మిదీ పన్నెండు. ఏడూ నలభై రెండు. తేడా ఒక గంటా ముప్పై నిమిషాలు. ఈ దేశంలో బతికే ఏ భారతీయుడికైనా ఆ అంకె ఏమిటో చెప్పనక్కర్లేదు. ఇంటికి ఫోన్ చేసేముందు ప్రతిరోజూ ఒమన్ సమయానికి కూడుకునే అంకె అది. పెళ్లిలో ఫోటోలు తీయడానికి కెమెరా గడియారాన్ని ఇండియా సమయానికి మార్చాను. తిరిగి వచ్చాక వెనక్కి మార్చలేదు. వేసవిలో దుకాణంవాడు సరిచేసి ఉంటాడు. నేను సంతకం పెట్టింది ఒమన్‌లో చనిపోయిన మనిషి గురించి, కాకినాడ గడియారం చూసి.

మరుసటి శుక్రవారం, అంటే గంగాధర్ పోయిన ఏడాదికి అదే జనవరి రెండో శుక్రవారం, 7:20కి మోహనరావు వాలు అడుగున బండి పక్కన టీ తాగుతూ కనిపించాడు. నీడ లెక్క, ఫోటోలు చూపించాను. విచారణ చేసినవారి దగ్గరికి నాతో వచ్చి నిజం చెప్పమన్నాను.

"గురువుగారూ, ఇసుకలో గీతలకి కూడా పంచనామా రాస్తారేంటండీ?" అన్నాడు. "సంతకం మీదే కదండీ. ఇప్పుడు ఆ అంకె తప్పన్నారనుకోండి, ముప్పై ఏళ్లుగా మీరు కొలిచిన రోడ్లన్నీ వంకరేనంటారు జనం. టీ పుచ్చుకోండి, చల్లారిపోతుంది."

టీ తీసుకోలేదు. ఎదుటి దిబ్బ మీదికి నడిచాను. నూట నలభై అడుగులు. కెమెరా అమర్చాను. శిఖరం మీద ఎవరూ లేరు. కేరళవాళ్లు ఇంకా రాలేదు. వాలు అడుగున మోహనరావు ఒక్కడే ఉన్నాడు.

7:42కి నేను చెయ్యి లేపాను. ఈసారి అలవాటు కొద్దీ కాదు.

వాలు మీద ఏదీ దిగలేదు. గాలి కూడా లేదు. కాని మోహనరావు శిఖరం వైపు తలెత్తాడు. కప్పు జారవిడిచాడు. రెండు చేతులూ ముందుకు చాచి, వేగంగా వచ్చేదానికి దారి తప్పుకునేవాడిలా పక్కకు పరుగెత్తాడు. పదకొండు అడుగుల దూరంలో పడ్డాడు. చదునైన మెత్తని ఇసుక మీద కుడి మోకాలి కింది రెండు ఎముకలూ విరిగాయి. అరుపు నా దాకా వినిపించింది.

నేను పరుగెత్తలేదు. నడిచాను. మళ్లీ నూట నలభై అడుగులు. ఇది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

"ఎనిమిది అవలేదండీ" అన్నాడు నన్ను చూడగానే. నేనేమీ అడగలేదు. "ఎనిమిది కూడా అవలేదు. భయమేసి, ఆసుపత్రికి తీసుకెళ్లకుండా తొమ్మిదయ్యేదాకా ఆగానండీ. వాడు నీళ్లడిగాడు... ఆపండి గురువుగారూ, వాణ్ని ఆపండి, మళ్లీ పైకెక్కుతున్నాడు!"

నేను శిఖరం వైపు చూశాను. ఎవరూ లేరు. ఇసుక మీద మోహనరావు అడుగులు, నా అడుగులు తప్ప మరే జాడా లేదు. చెయ్యి మాత్రం లేపలేదు.

మోహనరావు ఆసుపత్రి మంచం మీద నుంచే నిజం చెప్పి సంతకం పెట్టాడు. నేను నీడ లెక్కతో సహా కొత్త కాగితం రాసి ఇచ్చాను. పాతదానిలో తప్పు నాదని మొదటి వాక్యంలోనే రాశాను. ఏప్రిల్‌లో దిద్దిన నివేదిక మల్లేశ్‌కు అందింది.

ఆ రోజు కార్డులోనూ ఒక ఫ్రేము ఉంది. 9:12. షట్టర్ నొక్కే వేలు ఉన్న చెయ్యి ఆ క్షణంలో గాలిలో ఉంది కాబట్టి నేను నొక్కే అవకాశం లేదు. అందులో మోహనరావు పరుగెత్తుతున్నాడు. అతను అంతకుముందు నిలబడిన చోటు మీదుగా జంట గీత వెళ్లింది. గీతల మధ్య దూరం సర్వే కర్రతో పోల్చి లెక్కగట్టాను. ముప్పై ఎనిమిది మిల్లీమీటర్లు. బోర్డు సలాలాలో మల్లేశ్ రూమ్ గోడకు వేలాడుతోంది. అతన్ని ఫోన్‌లోనే కొలవమన్నాను. తోక చివర నుంచి విరిగిన మూల వరకు ముప్పై ఎనిమిది.

ఆ గీతకు నా దగ్గర వివరణ లేదు. నీడను లెక్కగట్టగలిగాను, గడియారాన్ని సరిదిద్దగలిగాను. ఆ నాలుగు ఫ్రేములనూ ఏ లెక్కలోనూ ఇమడ్చలేకపోయాను.

జరిగిందంతా మల్లేశ్‌కు చెప్పాను. చివరిదాకా విన్నాడు. తర్వాత అడిగాడు.

"మీరు ఇసొంటియి నమ్మరు గద సార్. ఎవ్వలు లేరని తెలిసి చెయ్యి ఎందుకు లేపిండ్రు?"