డాక్టరు గారి ఇంట్లో ముదురు రంగులు

మొన్న నిజామాబాద్‌లో బంధువుల ఇంట్లో ఎవరో టీవీ చానెళ్లు మారుస్తుంటే, తెలిసిన సోఫా ఒకటి ఒక్క క్షణం కనిపించి మాయమైంది. అమెరికాలో బాగా డబ్బున్న ఒక నల్లజాతి కుటుంబం గురించిన హాస్య ధారావాహిక అది. తండ్రి డాక్టరు, తల్లి వకీలు, ఇంటినిండా పిల్లలు. పన్నెండేళ్ల కిందట, నాందేడ్‌లో మా ఇంటికి కేబుల్ కొత్తగా వచ్చినప్పుడు దాన్ని చూసేవాళ్లం. చూసేవాళ్లం అంటే, నేను చూసేదాన్ని. మిగతావాళ్లు ఆ తర్వాత వచ్చే హిందీ సీరియల్ కోసం ముందే చోటు పట్టుకుని, ఊరికే కూర్చోలేక దీన్ని తిట్టేవాళ్లు.

ఆ ఇల్లు వాళ్లదంటే మా నాయనమ్మ చివరిదాకా నమ్మలేదు. ఎక్కడికో పోయిన యజమానుల ఇంటికి వీళ్లు కాపలా ఉన్నారని ఆమె లెక్క. "మాలక్‌లు ఎప్పుడొస్తరే? గా పోరగాండ్లు సోఫాల మీద ఎట్ల దునుకుతున్నరో చూడు, వాళ్లు చూస్తె ఊకుంటరా?" అని వారం వారం కంగారుపడేది. చిన్నాన్నకు ఆ కంగారు లేదు, కోపమే; నల్లజాతివాళ్లంతా ఆయనకు హబ్షీలే. "హబ్షోడు డాక్టరంట! వాని చేతుల సూది ఎవడు ఏయించుకుంటడు?" అనేవాడు. చిన్నాన్న రంగు అచ్చం నా రంగే, నలుపు. మగవాడి ఒంటి మీద ఉంది కాబట్టి మా ఇంట్లో అది రంగు కిందికి రాలేదు. ఆయన కూతురు, మా అక్క, తెల్లగా ఉండేది. ఇంగ్లీషు ఒక్క ముక్క రాకపోయినా టీవీలో జనం నవ్వినప్పుడల్లా తనూ నవ్వి, ఆ తర్వాత "ఏమన్నరే?" అని నన్ను అడిగేది. నాకు సగం అర్థమయ్యేది, మిగతా సగం కల్పించి చెప్పేదాన్ని. నా కల్పనకు ఎవరూ నవ్వేవాళ్లు కాదు.

నేను నిజంగా చూసింది ఆ వకీలమ్మ బట్టల్ని. ఆవపొడి రంగు, రాణీ రంగు, నెమలి మెడ నీలం. అంత నల్లటి ఒంటి మీద అవి దీపాల్లా వెలిగేవి. మాది చీరల దుకాణం. నల్లవాళ్లకు ఫిక్కా రంగులే, అంటే వెలిసినట్టుండే బూడిద, లేత గులాబీ మాత్రమే చూపాలన్నది మా దుకాణంలో శాసనం. లగ్నసరాయి రాగానే, పెళ్లి బేరాల రద్దీకి మా ఇంటి ఆడపిల్లలు కూడా వెళ్లి కూర్చునేవారు. ముందర గాదీ అనే తెల్లటి పరుపు మీద అక్క, గిరాకీ అడిగిన చీరను తన భుజం మీద వేసుకుని చూపేది. నేను వెనక గదిలో చీరలు మడతపెట్టేదాన్ని. నోరు తెరిచి అడగలేదు గానీ, ఒక్కసారి ఆ గాదీ మీద కూర్చోవాలని ఎంత ఉండేదో నేను రాసుకునే డైరీకి తెలుసు.

ఒక మధ్యాహ్నం కుండల్‌వాడి నుంచి ఒక తల్లి, పెళ్లికూతుర్ని తీసుకుని వచ్చింది. "అయ్యా, మా పిల్ల జర చాయ తక్కువ. దానికి తగ్గది తియ్యి," అంది చిన్నాన్నతో. ఆ పిల్ల ముందే అక్క నిలబడి బూడిద రంగు చీరలు ఒకటొకటిగా తన తెల్లటి భుజం మీద వేసుకుంటోంది. ఆ పిల్ల తల దించుకునే ఉంది. నాకెలా ధైర్యం వచ్చిందో తెలియదు. ఆవపొడి రంగు చీర ఒకటి భుజాన వేసుకుని బయటికొచ్చేశాను.

"నువ్వెందుకొచ్చినవే? లోపలికి నడువు," అన్నాడు చిన్నాన్న.

ఆ పిల్ల తలెత్తి నా వైపు చూసింది. "గా అక్క మీదున్నది సూపియ్యి."

"ఏమే, నీకు గది నప్పుతదా?" అంది తల్లి.

"గా అక్కకు నప్పలేదా?"

తల్లి నన్ను కిందా మీదా చూసింది. చివరికి ఆ చీరే పొట్లం కట్టించుకుని వెళ్లారు. వాళ్లు మెట్లు దిగారో లేదో, చిన్నాన్న గుమాస్తాతో గట్టిగా అన్నాడు: "ఇగ నల్ల గిరాకీ అచ్చిందంటె గీ పోరిని పిలువుండ్రి."

నా ఆనందం ఏం చెప్పను! ఆ సీజనంతా గాదీ మీదే. గుమాస్తా వచ్చినవాళ్లను ఒకసారి తేరిపార చూసి, తెల్లగా ఉంటే అక్కను పిలిచేవాడు, లేకపోతే నన్ను. నా పేరు వినగానే భుజాన చీరతో పరుగెత్తుకొచ్చేదాన్ని. నన్ను చూడగానే కొందరు పెళ్లికూతుళ్ల ముఖాలు ముడుచుకునేవి. నేను చూపేది రాణీ రంగైనా, నెమలి నీలమైనా వాళ్లకు కనపడేది కాదు. తమకోసం ఎవర్ని పిలిచారన్నదే కనపడేది. సిగ్గుపడుతున్నారు కాబోలు, చీర బాగా పరిచి చూపిస్తే సరిపోతుంది అనుకుని ఇంకా దగ్గరగా జరిగేదాన్ని. అప్పుడు నాకు పదిహేడేళ్లు. ఆ ముఖాలను చదవడం రావడానికి ఆ తర్వాత మరో పన్నెండేళ్లు పట్టింది.