మూడు కవర్లు, మూడు తలుపులు

నిన్న సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి వంటింట్లో అడుగు పెట్టగానే గప్పున ఒక వాసన ముక్కుకు కొట్టింది. పులిసిన దోసెల పిండిని, మిగల పండిన అరటిపండుని, బీరు తాగొచ్చి తాగలేదని ఒట్టేస్తున్న మొగుడిని ఒకే సీసాలో పెట్టి మూత బిగిస్తే ఎలా ఉంటుందో అలాంటి వాసన. మా ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "దాన్ని బయట పెడతారా, నన్ను బయటికి పొమ్మంటారా?" అంది. నేను గట్టు మీదున్న పిండి సీసా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆ వాసన తగిలితే చాలు, సిడ్నీ శివారు క్వేకర్స్ హిల్‌లో సుగుణాంటీ వంటిల్లు గోడలతో సహా వచ్చి నా చుట్టూ నిలబడుతుంది.

సుగుణాంటీది గుంటూరు. వృత్తి మత్తుడాక్టరు. ఉద్యోగ జీవితంలో సగం సిడ్నీని ఆవిడే నిద్రపుచ్చి ఉంటుందని నా అంచనా. మిగతా సగాన్ని కబుర్లతో నిద్రపోనివ్వలేదు. ఆవిడ భర్త రామ్మోహన్ అంకుల్ వంతెనలు కట్టే ఇంజనీరు. మాటలకి పెట్రోలు ఖర్చవుతుందేమో అన్నట్టు ఉండేవాడు. ఇద్దరి తరఫునా ఆవిడే మాట్లాడేది. "అంకుల్‌కి ఇవాళ కాఫీ వద్దట" అని ఆవిడ ప్రకటిస్తే, తనకు వద్దన్న సంగతి ఆయనకీ అప్పుడే తెలిసేది.

అలాంటి పిండి సీసాని ఆవిడకి ఆసుపత్రిలో ఒక నర్సు అంటగట్టింది. ఆమిష్ ఫ్రెండ్‌షిప్ బ్రెడ్ అంటారు. మైదా, పంచదార, పాలు కలిపి పులియబెట్టిన జావ అది. రోజూ కలియదిప్పాలి, మధ్యమధ్య మేత వెయ్యాలి. పదో రోజుకి కుంభకర్ణుడి చిన్న తమ్ముడిలా ఒళ్లు చేస్తుంది. కొంత తీసి దాల్చినచెక్క పొడి వేసి రొట్టె కాల్చుకోవాలి, కొంత మళ్లీ సీసాలో ఉంచాలి, మిగిలింది మూడు కవర్లలో పోసి ముగ్గురికి ఇవ్వాలి. పాలు తోడుపెట్టడానికి గిన్నె పట్టుకుని పక్కింటికి పరిగెత్తిన జాతికి ఇందులో వింతేమీ లేదు. వింతల్లా ఏమిటంటే, ఇక్కడ ఇచ్చేవాడే పుచ్చుకునేవాడి వెంటపడాలి. ఆంటీ కారు వీధి మలుపు తిరిగిందంటే ఆ చుట్టుపక్కల తెలుగిళ్లలో దీపాలు ఆరిపోయేవి, పిల్లల ఏడుపు కూడా ఆగిపోయేది.

చదువుకోవడానికి వచ్చిన కొత్తలో నేను వాళ్ల పెరట్లో విడిగా కట్టిన చిన్న వాటాలో, ఇక్కడివాళ్లు గ్రానీ ఫ్లాట్ అంటారు, అద్దెకు దిగాను. నాలాంటి పిరికివాడు దక్షిణార్ధగోళంలో మరొకడు లేడు. యూనివర్సిటీకి పోవడం, రావడం, తలుపు గడియ పెట్టుకోవడం. బస్సు డ్రైవరు "గుడ్ డే" అంటే ఆ రోజంతా గుండె దడ. ఒకరోజు ఆంటీ వంటింట్లోకి పిలిచింది.

"ఏరా, ఈ స్ట్రీట్‌లో నీకు ఎంతమంది తెలుసు?"

"మీరు తెలుసుగా ఆంటీ."

"నేను రెంట్ పుచ్చుకునేదాన్ని, లెక్కలోకి రాను. ఇవిగో మూడు కవర్లు. మూడు డోర్లు కొట్టు. తెలుగిళ్లకి వెళ్లావో, ఊరుకోను. వాళ్లకి నా సంగతి తెలుసు, గోడలు దూకేస్తారు."

"వెళ్లి ఏం చెప్పాలి?"

"హలో చెప్పు. తర్వాతి సంగతి పిండి చూసుకుంటుంది."

ఎదురింట్లో కెన్ అని రిటైరైన బస్సు డ్రైవరు ఉండేవాడు. చెయ్యి నా తొడంత, గడ్డం చీపురంత. తలుపు తీయగానే "హలో" అన్నాను. అంతటితో ఇంగ్లిష్ పరీక్షలో నేను తెచ్చుకున్న మార్కులన్నీ ఖర్చైపోయాయి. అతను ఉబ్బిన కవరుని వెలుతురుకి ఎత్తి చూసి, "ఏంటి మేట్ ఇది? వాల్‌పేపర్ అంటించే జిగురా?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. నా నవ్వు చూసి అతనూ నవ్వి, లోపలికి రమ్మని టీ పెట్టాడు. బయటికొచ్చేసరికి ఆ దేశంలో నన్ను పేరు పెట్టి పిలిచే మనిషి ఒకడు తయారయ్యాడు. రెండో ఇంట్లో కుక్క తరిమింది. అయినా మూడో తలుపు కొట్టాను. ఈనాటి నా ఉద్యోగం, స్నేహాలు, ఆఖరికి పెళ్లి కూడా అలా ఏదో ఒక తలుపు కొట్టడం వల్లనే దొరికాయి.

తర్వాత నేను వేరే ఇంటికి మారినా, సీసా మాత్రం పెట్టుకోలేదు. ఆవిడ గట్టు మీద ఒకటి ఉండగా నాకు వేరే ఎందుకు?

పోయినేడు ఆంటీకి కాన్సర్ అని తెలిసింది. ఆపరేషన్ బల్ల మీద కూడా తనకి మత్తివ్వబోతున్న కుర్రడాక్టరుకి సూది ఎలా పట్టుకోవాలో పాఠం చెప్పి మరీ నిద్రపోయిందట. ఇంటికొచ్చాక మంచం ముందుగదిలో వేయించుకుంది. లేచే ఓపిక లేదు. సీసా తిప్పే పని అంకుల్‌కి పడింది. నేను వెళ్లినప్పుడల్లా ఆ గదిలోంచి ఒకటే కేక. "మెల్లగా తిప్పండి, అది సిమెంటు కాదు!" రానురాను ఆ కేక మాటయింది, మాట గుసగుసయింది. ఒకరోజు అదీ లేదు.

దహనం అయిపోయాక అందరం ఇంటికి తిరిగొచ్చాం. ఇండియా నుంచి వచ్చిన ఆంటీ చెల్లెలు విజయగారు అప్పటికే ఇల్లంతా కడిగించారు. చావు జరిగిన ఇంట్లో వండినవీ పులిసినవీ ఉంచకూడదు కదా, ఫ్రిజ్‌లో ఉన్నదంతా పారబోశారు. అంకుల్ స్నానం చేసి వచ్చి, అలవాటుగా చెక్క గరిటె అందుకుని గట్టు వైపు తిరిగాడు. సీసా తళతళలాడుతూ పళ్లెం మీద బోర్లించి ఉంది.

"పిండి పాడైపోయినట్టుంది బావగారూ, వాసనొస్తోంది. పారబోశాను" అన్నారు విజయగారు. ఆయన గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అది అక్క చేత్తో పెంచిన పిండని తెలిశాక విజయగారు నేల మీద కూలబడి గుండెలు బాదుకున్నారు. "ఊరుకోమ్మా. నీకెలా తెలుస్తుంది?" అన్నాడు అంకుల్. గరిటె మాత్రం చేతిలోంచి వదల్లేదు.

నేను ఫోను తీశాను. ఆవిడ చేత్తో బతికించినది ఎక్కడో ఒకచోట ఉండకపోతుందా? తెలుగిళ్లన్నీ వాయించాను. "అయ్యో, మొన్నటిదాకా ఉంది" అన్నవాళ్లే అందరూ. ఆ మొన్న ఎప్పటిదో దేవుడికే తెలియాలి. ప్రసాద్ అనే స్నేహితుడు కాస్త నిజాయితీపరుడు. "అన్నా, మావాడు అది పెయింట్ అనుకుని ఫెన్స్‌కి పూశాడు. ఫెన్స్ ఇప్పటికీ స్ట్రాంగ్‌గా ఉంది" అన్నాడు. నేను ఫోను జేబులో పెట్టుకుని లేచాను.

చివరికి రోడ్డు దాటి కెన్ తలుపు కొట్టాను. గడ్డం తెల్లబడింది, నడుం వంగింది. సంగతి చెప్పగానే ఫ్రిజ్‌లోంచి ఒక డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. మూత తీస్తే బుడగలు. "రొట్టె నాకెప్పుడూ కుదర్లేదు మేట్. సండే సండే మనవరాలికి ప్యాన్‌కేకులు వేస్తాను. దీన్ని చావనిస్తే మీ డాక్టర్ నన్ను చంపేసేది కదా!" అని ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

అంకుల్ దానికి మేత వేశాడు, మెల్లగా తిప్పాడు. పదో రోజున నేను వెళ్లేసరికి మూడు కవర్లు బల్ల మీద ఉన్నాయి. ఒకటి నాకిచ్చాడు. ఒకటి ప్రసాద్ ఇంటికి పంపాడు, ఫెన్స్ జోలికి పోవద్దన్న షరతుతో. మూడోది తనే పట్టుకుని, "రా" అంటూ బయల్దేరాడు.

వీధి చివర ఎవరో కొత్తగా దిగారు. అంకుల్ బెల్లు కొట్టి ఒకడుగు వెనక్కి వేశాడు. చంకలో పాపతో ఒక అమ్మాయి తలుపు తీసింది. ఆయన కవరు ముందుకి చాచాడు. ఆయన తరఫున ఎప్పుడూ మాట్లాడే మనిషి పక్కన లేదు. నేను మాట అందుకుందామని నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాను.

"మై వైఫ్ సెంట్ దిస్" అన్నాడు అంకుల్.

ఆ అమ్మాయి కవరు అందుకుని, మా వెనకాల రోడ్డు మీదికి చూసింది, ఆవిడ ఎక్కడైనా నిలబడి ఉందేమోనని. "ఓ, లవ్లీ! థ్యాంక్స్ చెప్పానని చెప్పండి" అంది.

"చెబుతాను" అన్నాడు.

 ఆ రోజు నుంచి నేనూ అంతే. ఎవరి గుమ్మంలోనైనా కవరు చేతికిచ్చాక వాళ్లు థ్యాంక్స్ అంటే, అది నాది కాదని తెలుసు గనక, చెబుతానని తల ఊపి తీసుకుంటున్నాను. అలా ఆవిడకి చేరవెయ్యాల్సినవి నా దగ్గర చాలా పోగుపడ్డాయి. ఎక్కడ దించాలో తెలియక మోస్తూ తిరుగుతున్నాను.