ఎక్కడం మాత్రమే నేర్చుకున్నవాళ్లం

సింగపూర్‌లో యూ టీ అనే పేటలో మా ఫ్లాటుకి ఎదురుగా కార్లు నిలిపే బహుళ అంతస్తుల భవనం ఒకటి ఉంది. మొన్న ఆదివారం పొద్దున పాల ప్యాకెట్లు పట్టుకుని వస్తుంటే, ర్యాంపు మొదలయ్యేచోట స్తంభానికి కొత్త బోర్డు కనిపించింది. సైకిల్ బొమ్మ, దాని మీద అడ్డంగా ఎర్రగీత, కింద నాలుగు భాషల్లో హెచ్చరిక. ఆ నాలుగింటిలో తెలుగు లేదు. అదే నన్ను ఆశ్చర్యపరిచింది, ఎందుకంటే ఈ ద్వీపం మొత్తం మీద ఆ బోర్డు అవసరమైన మనుషులు ఇద్దరే, ఇద్దరూ తెలుగువాళ్లే. వాళ్ల కోసమే పెట్టి ఉంటే మాత్రం అది ఏళ్లు ఆలస్యంగా వచ్చినట్టు. దాని ముందు ఎంతసేపు నిలబడ్డానో గానీ, వెనక కారాయన హారన్ కొట్టడానికి మొహమాటపడి రెండుసార్లు లైట్లు వేసి ఆర్పాడు. చేతిలో పాలు మాత్రం పెరుగు కాలేదు, అంతవరకు నిజం.

ఆ ఇద్దరిలో ఒకణ్ణి నేను. రెండో ఆయన మా తోడల్లుడు, అంటే మా ఆవిడ అక్కగారి భర్త. ఆయనది వరంగల్ వైపు, అక్కడ ఈ చుట్టరికాన్ని షడ్డకుడు అంటారు. మాది గుంటూరు వైపు. పేరు ఏదైనా పని ఒకటే: ఒక ఇంటికి అల్లుళ్లయిన పాపానికి జన్మంతా ఒకరి పక్కన ఒకరు నిలబడి కొలిపించుకోవడం. ఆ కొలతల్లో ఆయనెప్పుడూ నాకంటే ఒక గజం ఎత్తు. ఆయన చాంగీ బిజినెస్ పార్కులో ఒక బ్యాంకు సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించే ఉద్యోగి. నేను తంజోంగ్ పగార్‌లో కూర్చుని అలాంటి సాఫ్ట్‌వేర్‌నే అమ్మేవాణ్ణి. అంటే, లేనిదాన్ని ఉందని నమ్మించడం నా జీవనోపాధి, ఉందన్నదాన్ని లేదని తేల్చడం ఆయన జీవనోపాధి. ఇంట్లోనూ అంతే. పప్పుచారులో ఉప్పు సరిపోయిందా అని వదిన అడిగితే పైన ఒక చుక్క, మధ్యలో ఒక చుక్క, గరిట అడుగు దాకా ముంచి ఒక చుక్క, మూడూ రుచి చూసి గానీ చెప్పేవాడు కాదు. అలాంటి మనిషి నా మాటల్ని మాత్రం ఒక్కనాడూ పరీక్షించలేదు. “మా తమ్మి చెప్పిండు” అనేవాడు. అక్కడితో ఆ విషయం పాసైపోయినట్టే.

యాభై ఒకటో ఏట ఆయన గుండెకు స్టెంటు వేశారు. ఇంకెవరి సంగతి అయినా నేను మూడు వేశారని చెప్పి ఉండేవాణ్ణి, ఇది ఒక్కటే. కానీ ఆ ఒక్కదానితో మనిషి సగమైపోయాడు. డిశ్చార్జి రోజున డాక్టరు వరండాలో నిలబడి నాకూ వదినకూ చెప్పినది ఇంతే: నెమ్మదిగా నడవమనండి, ఆర్నెల్లు చూద్దాం. వదిన కళ్లు తుడుచుకుంటూ అక్కడే ఆగిపోయింది కాబట్టి, ఆ మాటను మంచం దాకా మోసుకెళ్లే పని నా మీద పడింది. వరండా నుంచి మంచానికి ఇరవై అడుగులు ఉంటాయి. గోడవైపు తిరిగి కూర్చుని మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టుకుని నాడి లెక్కపెట్టుకుంటున్న ఆయన వీపును చూస్తూ నేను ఆ ఇరవై అడుగులూ వేసేసరికి ఆ వాక్యానికి కాళ్లొచ్చాయి, జూలొచ్చింది, సకిలింపు కూడా వచ్చింది.

“అన్నయ్యా, నీది గుర్రం గుండెట. దీన్ని కొండలెక్కించకపోతే పాపం తగులుతుందన్నాడు డాక్టరు.”

ఆయన ఇటు తిరిగాడు. “గట్లన్నడా?”

“అచ్చం ఇదే మాట.”

మూడు రోజుల తర్వాత ఆ మొహంలోకి రక్తం రావడం అప్పుడే చూశాను. గుమ్మం దగ్గరికి వచ్చిన వదిన అంతా విని, పళ్ల సంచి సర్దుకుంది.

నేను మరిచిపోయింది ఒక్కటే, ఆయన పరీక్షకుడని. ఆయన దృష్టిలో డాక్టరు కొండలెక్కమన్నాడంటే అది చేసి చూపించి టిక్కు పెట్టాల్సిన అంశం. ఏడాది తిరిగేసరికి డాక్టరు నిజంగానే సైకిల్ తొక్కవచ్చన్నాడు. కొండల ఊసు ఆయన ఎత్తలేదు, సింగపూర్‌లో ఎత్తడానికి కొండలుంటే కదా. ఇక్కడి అత్యున్నత శిఖరం కంటే మా గుంటూరు మిర్చి యార్డులో బస్తాల గుట్ట ఎత్తు. అందుకని మా అన్నయ్య మధ్యధరా సముద్రం పక్క కొండల వీడియోలు చూడటం మొదలుపెట్టాడు. తారు లేని తెల్లటి కంకర దారులు, కార్లు ఉండవు, మనుషులు ఉండరు, లావు టైర్ల గ్రావెల్ సైకిల్ మీద రోజుల తరబడి పోవచ్చు. “నువ్వు పక్కన ఉంటే నాకు భయం లేదు తమ్మీ, నువ్వు ఆల్ప్స్‌ల తొక్కినోనివి” అన్నాడు. నేను అలా ఎప్పుడో చెప్పి ఉంటాను. ఊటీ ఘాట్ సంగతి కూడా చెప్పాను కాబోలు. అప్పుడు నిజం చెబితే ఆల్ప్స్ ఒక్కటే పోదు, దాన్ని పట్టుకుని గుర్రం కూడా పోతుంది. అందుకని గడ్డం నిమురుకుని, “ఇటలీలో సిసిలీ అయితే నీకు మొదటికి తేలిక” అన్నాను, అక్కడే పుట్టి పెరిగినట్టు.

ఆ విధంగా కార్ల భవనం మా శిక్షణాలయమైంది. ఎనిమిది అంతస్తులు. ఆదివారం ఆరింటికి మొదలుపెట్టి, మెలికలు తిరిగే ర్యాంపు మీద రొప్పుతూ పైకి పోయేవాళ్లం. పైన ఆయన నాడి చూసుకుని, ఫోన్‌లో రాసుకుని, దూరంగా చెట్ల మీద లేస్తున్న మంచును చూస్తూ రెండు గుక్కలు నీళ్లు తాగేవాడు. తర్వాత ఇద్దరం సైకిళ్లతో సహా లిఫ్టెక్కి కిందికి దిగి, మళ్లీ ఎక్కేవాళ్లం. లిఫ్టు నా ఆలోచనే. ఎక్కడం మనిషి చెయ్యాల్సిన పని, దిగడం భూమి చూసుకుంటుంది, దానికి సాధన ఎందుకని నా సిద్ధాంతం. ఒకసారి సరదాకు వచ్చిన వాళ్లమ్మాయి లిఫ్టులో మా ఇద్దరి మధ్య నలుగుతూ, సింగపూర్ యాసలో “డాడీ, డౌన్ ఈజ్ ద ఫన్ పార్ట్ లా” అంది. పిల్లలకు ఏం తెలుస్తుందని ఇద్దరం ఆప్యాయంగా నవ్వాం.

సిసిలీలో సైకిళ్లు అద్దెకిచ్చే చోట వదిన ఆజ్ఞ ప్రకారం చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి బయల్దేరాం. ఆ దేశంలో నిమ్మకాయలకు కొరత లేదు, గుమ్మడికాయలంత కాసి ఉన్నాయి, సైకిల్ ఎక్కించబోతే సైకిలే పక్కకి పడింది. ఆ తర్వాత చూసినదాన్ని పెంచి చెప్పాల్సిన అవసరం నాకు రాకపోవడం జీవితంలో అదే మొదటిసారి. సున్నం చల్లినట్టు తెల్లటి దారి, రెండువైపులా మట్టి అద్దకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు, గోడల మీంచి తొంగిచూసే బ్రహ్మజెముడు. పల్నాడులో మేకలు కూడా పట్టించుకోని ఆ మొక్క అక్కడ ఎర్రటి పళ్లతో పెళ్లికొడుకులా నిలబడింది. టైరు గట్టు మీది గడ్డిని తాకితే చాలు, వాము నలిపిన వాసన. దూరాన ఎక్కడో గొర్రెల మెడగంటలు. మూడు గంటల్లో మాకు ఎదురైన మానవమాత్రుడు ఒక్క గొర్రెల కాపరి. ఆయన కూడా పలకరింపుగా ఒక వేలు ఎత్తాడు, రెండోది ఎత్తడం దండగనుకుని. మా అన్నయ్య ఆ కొండను కార్ల భవనం ఎక్కినట్టే ఎక్కాడు, ఆగకుండా, మెలిక మెలికకూ నాకంటే ముందుగా. పైకి చేరాక సముద్రం కనిపించింది. ఆయన హెల్మెట్ తీసి, చిన్నపిల్లవాడిలా అటు చూసి, ఇటు నన్ను చూసి నవ్వాడు. ఈసారి కొలవని నవ్వు.

తర్వాత అవతలి వైపు వాలు చూశాం. దారి నిటారుగా, వదులు రాళ్లతో, మలుపు మలుపుకూ లోయ చూపిస్తూ కిందికి పోతోంది. అక్కడ లిఫ్టు లేదు.

“ఇగ దిగుడు ఎట్లనో చూపియ్ తమ్మీ” అన్నాడు, పూర్తి నమ్మకంతో.

చూపించాను. పదిహేను గజాలు చూపించాను. అందులో చివరి ఐదు గాలిలో. బ్రహ్మజెముడు నన్ను ఆదరంగా అందుకుంది. ఆయన సైకిల్ అక్కడే పడేసి, రాళ్లలో జారుతూ పరుగెత్తుకొచ్చి నన్ను లేపి, ఒక్కొక్క ముల్లే పీకుతూ, చాలాసేపటికి నెమ్మదిగా అడిగాడు, “ఆల్ప్స్‌ల గూడ గిట్లనే దిగినవా?”

అరచేతిలో ముళ్లున్నప్పుడు అబద్ధం ఆడటం కష్టం. పైగా ఆ వాలు మీద ఆయన నన్ను నమ్మి బ్రేకు వదిలితే ఏమవుతుందో అప్పుడే తెలిసొచ్చింది. “ఆల్ప్స్ చూశాను అన్నయ్యా. రైల్లోంచి” అన్నాను.

ఆయన వెనక్కి పైకి నడిచాడు. సైకిల్ లేపుకుని నడిపించుకుంటూ కిందికి బయల్దేరాడు. వెనకే నేను. ఒక మలుపు దాటాక, తలతిప్పకుండా మొదలుపెట్టాడు.

“ఊటీ ఘాట్?”

“ఎక్కింది నిజమే.”

“దేని మీద?”

“బస్సు. కిటికీ పక్క సీటు.”

“ఫెయిల్. శ్రీశైలం తొవ్వల చిరుత అడ్డమొచ్చిందంటివి?”

“కుక్క. అది కూడా కట్టేసి ఉంది.”

“ఫెయిల్. పెద్దల్లుని కంటె చిన్నల్లుడే నయమని అత్తమ్మ అన్నదంటివి?”

“ఆవిడ ఇద్దరినీ కలిపే తిట్టింది. నా వాటా చెప్పలేదంతే.”

పద్దెనిమిదేళ్ల సరుకు. పెళ్లిలో తిన్న బొబ్బట్ల దగ్గర నుంచి, మా వాగులో పట్టిన చేప బరువు దాకా, ఏదీ మరిచిపోలేదు. నేను చెప్పినవన్నీ ఇంత శ్రద్ధగా దాచుకున్న మనిషి లోకంలో ఇంకొకడు లేడని ఆ దిగుడులో తెలిసింది. ఒక్కొక్కటీ ఫెయిలవుతుంటే, పోతున్నది నా గొప్పలు కావు, ఆయన కొట్లో సామాను అనిపించింది. రాబోయే ప్రశ్న ఏదో నాకు తెలుసు. అది రాకముందే కొండ అయిపోతే బాగుండునని, మలుపులు లెక్కపెడుతూ నడిచాను.

కొండ ఇంకా సగం ఉండగానే ఆయన ఆగి, రాతిగోడ మీద కూర్చున్నాడు. మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టుకున్నాడు. ఆసుపత్రి మంచం మీద కూర్చున్నట్టే కూర్చున్నాడు.

“డాక్టర్ ఏమన్నడు తమ్మీ? నిజం చెప్పు.”

చెప్పాను. నెమ్మదిగా నడవమన్నాడు. ఆర్నెల్లు చూద్దామన్నాడు. అంతే. గుర్రం నాది.

ఆయన గడియారం ముల్లు వైపే చూస్తున్నాడు. ఆ నిమిషం పొడవు నేను చెబితే మీరు నమ్మరు, ఇంతా విన్నాక నమ్మకూడదు కూడా. గొర్రెల గంటలు ఆగిపోయాయి. మళ్లీ వేళ్లు పెట్టుకుని సింగపూర్ తిరిగివెళ్లే మనిషిని వదినకు ఏ మొహంతో అప్పగించను అని నేను నేల చూస్తున్నాను.

చివరికి ఆయన చెయ్యి దించి, తొడ మీది సున్నపు దుమ్ము దులుపుకున్నాడు.

“గది పొద్దుగాలనే నేను టెస్ట్ చేసిన” అన్నాడు, మేం ఎక్కి వచ్చిన శిఖరం వైపు గడ్డంతో చూపిస్తూ. “నువ్వు జెప్పినయన్నిట్ల గదొక్కటే పాస్.”

మిగతా కొండ అంతా నడిచే దిగాం. కింద దారి చదునయ్యాక ఆయనే ముందు సైకిలెక్కాడు. తిరిగొచ్చాక లిఫ్టు మానేసి ఆ ర్యాంపు మీదే దిగడం నేర్చుకున్నాం, నత్తలు కూడా విసుక్కునేంత నెమ్మదిగా. ఏళ్ల పాటు ఆదివారాలు అలాగే గడిచాయి. ఆ తర్వాత నేను చెప్పిన ప్రతి సంగతికీ ఆయన “పాసా, ఫెయిలా?” అని అడిగేవాడు. అడిగి, జవాబు వినకుండానే నవ్వేవాడు.

ఆయనకిప్పుడు యాభై తొమ్మిది. కిందటి నెల డాక్టరు దగ్గరికి ఒక్కడే వెళ్లాడు. ఇక సైకిల్ వద్దన్నారని మా ఆవిడకు వదిన చెబితే తెలిసింది. ఈసారి మధ్యలో వరండా లేదు, ఇరవై అడుగులు లేవు, మాటను మోసుకెళ్లేవాడు లేడు. సాయంత్రం ఆయనే ఫోన్ చేశాడు. వాన గురించి కాసేపు, వాళ్లమ్మాయి కొత్త ఉద్యోగం గురించి కాసేపు మాట్లాడి ఆగాడు.

“డాక్టర్ ఏమన్నడో నేను ఇన్న తమ్మీ” అన్నాడు. “ఇగ ఏమన్నడో నువ్వు చెప్పు.”

కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పాను. ఎంత పెద్దగా చెప్పాలో అంత పెద్దగా, ఏమీ తగ్గించకుండా, చాలాసేపు చెప్పాను. అవతల ఆయన ఎక్కడా ఫెయిల్ అనలేదు, ఊకొడుతూ విన్నాడు. వయసులో ఉన్నప్పుడు ప్రతి మాటకూ రుజువు అడుగుతాం. పోనుపోను కాలమే అన్నిటినీ రుజువు చేసి చేతిలో పెడుతుంది కాబట్టి కాబోలు, ఇక మనిషి దగ్గర మాటే అడుగుతాం.